అర అంగుళం

జాకెట్టు కొలత తీస్తూ
మాంబళం టైలరు టేపు ఆపేశాడు.
"అమ్మా, మీ కుడి భుజం
ఎడమదానికంటే అర అంగుళం దిగింది."

పన్నెండేళ్లుగా రెండు కిలోల ఏడువందలు
ఆ భుజానికే వేలాడుతున్నాయని
అతనికి చెప్పలేదు.
చార్జరుతో కలిపితే మూడు దాటుతుంది.
నేనూ ఎప్పుడూ తూచలేదు,
మొన్న పాతపేపర్లవాడి త్రాసు ఖాళీగా దొరికేదాకా.

ఆఫీసులో పూంగొడి తనది వారం అరువిచ్చింది.
పదకొండున్నర అంగుళాల తెర,
అట్ట వేసిన ఎక్కాల పుస్తకమంత.
ఎగ్మూరు స్టేషను మెట్లు దిగుతూ
రెండుసార్లు సంచి తడుముకున్నాను,
ఎక్కడో మరిచి వచ్చానేమోనని.

చెంగల్పట్టు నుంచి బీచ్‌కి పోయే బండి.
ముగ్గురి బెంచీ మీద నాలుగోదాన్నై
ఒళ్లో తెరిస్తే
పక్కావిడ పూలసంచికైనా మోచెయ్యి తగల్లేదు.
గూడువాంచేరి నుంచి గిండీ లోపు
ఏడో తరగతి వాచకం నాలుగు పేజీలు దిద్దాను.
బ్యాటరీ ఇంకా సగం పైనే.
ఇదే చాలనుకున్నాను. ఇదే చాలు.

బుధవారం ఎడిటరు పిలిచారు.
'గాథ' ఉండాల్సినచోట 'గాధ' పోయింది.
ఆరు చోట్ల.
థ పొట్టలో చుక్క,
ఆవగింజలో నాలుగో వంతు,
అది చూడ్డానికే కదా నాకు జీతం!

ఇంటికొచ్చి అక్షరం పెద్దది చేశాను.
చుక్క దొరికింది, వాక్యం పోయింది.
కర్త ఇక్కడ, క్రియ తెర అవతల,
మధ్యలో వేలితో ఇటూ అటూ నేను.
చిన్నది చేస్తే
వాక్యం మొత్తం వచ్చి కుదురుగా కూర్చుంటుంది,
పై వరుస ఒత్తులు
కింది వరుస గుడుల్లో దూరిపోతాయి.

రోజువారీ వాడకానికి పనికొస్తుందా అంటే
"నాకొస్తుంది" అంది పూంగొడి.
తను ఉత్తరాలు కొడుతుంది, బిల్లులు చూస్తుంది.
నా రోజు?
మూడు గంటలు రైలు,
ఒక పూట ఆఫీసు బల్ల, అక్కడెలాగూ పెద్ద తెరుంది,
రాత్రి పొయ్యి పక్కన పప్పు ఉడికేలోపు కాసేపు.
మిగతాదంతా మెట్లు.
మెట్లని నేనెప్పుడూ
వాడకం కింద లెక్కేయలేదు.

శనివారం, రిచీ స్ట్రీట్.
ఎండకి వైర్లు కమురుతున్న వాసన.
టీ గ్లాసుతోనే దారి చూపిస్తూ కాజా మొయిదీన్:
"డైలీ యూజుకేనా, అక్కా?"
పదమూడు అంగుళాలది ముందు పెట్టాడు,
కిలో మీద ఓ గుప్పెడు.

గాథ, అని కొట్టాను.
కళ్లజోడు ఎగదోసి, బారెడు వెనక్కి జరిగి చూశాను.
చుక్క ఉంది!
కొంగుతో తుడిచాను.
చుక్క లేదు.
దుమ్ము.
అసలుది కాస్త కిందుగా ఉంది, బెదిరినట్టు.
ఇంకో రెండు పాయింట్లు పెంచితే
ధైర్యంగా నిలబడింది.
వాక్యం తెర అంచుదాకా వచ్చి
ఒక్క 'ను' మాత్రం కిందికి జారింది.
ఒక్క 'ను' కదా.

అడ్వాన్సు వెయ్యి ఇచ్చాను.
రసీదు తమిళంలో రాశాడు.
యశోధరలో ధ కి,
ఆ మాటకొస్తే త థ ద ధ నాలుగింటికీ,
అక్కడ ఒక్కటే అక్షరం.
పొట్టలో చుక్క లేదు, కింద గీత లేదు.
ఎంత తేలిక!
దిద్దకుండా మడిచి
సంచిలో వేసుకున్నాను.
సంచి ఎడమ భుజానికి.