ఖాళీకి ఒక చుక్క

తార్తులో ఫిబ్రవరి.
నది గట్టిపడి, మీద కుక్కలు నడుస్తున్నాయి.
బజారు సంఘం వాళ్ళు వచ్చి వీవికతో అన్నారు:
ఇరవై మూడు దుకాణాలు, ఒకటే పేజీ,
ఎవరూ అలగకుండా సర్దు.
పెళ్ళి బంతిలో విస్తళ్ళు వేసినంత తేలికన్నట్టు.

ముందు గీతలు.
నాలుగు నిలువు గదులకు ఐదు గీతలు.
కొత్తవాళ్ళంతా ఇక్కడే జారతారు,
గదుల్ని లెక్కపెడతారు.
లెక్కపెట్టాల్సింది గోడల్ని.
ఎడమ గోడ ఒకటి. సున్నా అనేది లేదు.
కుడి గోడ ఐదు,
అవతల్నించి వస్తే మైనస్ ఒకటి.
ఇంట్లో ఓ పేరు, బళ్ళో ఓ పేరు ఉన్న పిల్లాడు.

పొగబెట్టిన చేపల లైనేకి
ఒకటో గీత నుంచి మూడో గీత దాకా.
అద్దె కూడా రెండింతలు కడుతుంది మరి.
రై రొట్టెల ఉర్మస్‌కి రెండు వరసల ఎత్తు,
మనిషీ పొడుగే, ఫొటో పొడుగే.
ఉప్పుదోసకాయల అక్కచెల్లెళ్ళు ఫోన్ చేశారు:
మమ్మల్ని విడదీయొద్దు,
అలాగని అంటించనూ వద్దు.
దానికీ ఓ మాట ఉంది. పదహారు పిక్సెళ్ళ ఎడం.
అక్కచెల్లెళ్ళ మధ్య అది చాలు.

అయినా అక్కడక్కడ బొక్కలు మిగిలాయి.
"దట్టంగా" అని ఒక్క మాట చేర్చింది.
కండక్టరు జరగండి జరగండి అన్నట్టు
వెనకున్న చిన్నవన్నీ ముందుకొచ్చి ఇరుక్కున్నాయి.
పేజీ నిండింది. అందంగా ఉంది.
వీవిక ఆ రాత్రి హాయిగా పడుకుంది.

పొద్దున తేనె ఎండెల్ వచ్చాడు.
ముప్పై ఏళ్ళుగా చూపు లేదు.
ఫోను చదువుతుంటే తల వంచి విన్నాడు,
చాలాసేపు.
"చేపల పక్కనే పెట్టానన్నావు కదమ్మా,
నేను చెత్తబుట్టల నోటీసు తర్వాత వచ్చాను."

బొమ్మలో అతను మొదటి వరస, మూడో గది.
ఫైల్లో పదిహేడోవాడు.
కన్ను ఎక్కడ పెడితే అక్కడ చూస్తుంది,
చెవి రాసిన వరసలోనే నడుస్తుంది.
అతను తగువాడలేదు. టోపీ పెట్టుకుని,
బల్ల అంచు తడిమి,
అంచుకు సరిగ్గా జానెడు లోపల
ఒక సీసా పెట్టి వెళ్ళాడు.

ఆమె అంకెలన్నీ చెరిపింది.
దట్టాన్ని తీసేసింది.
మొదట మనుషుల్ని వరసలో రాసింది,
ఎవరి పక్కన ఎవరు నిలబడతారో బజారుకెళ్ళి చూసొచ్చి.
తర్వాతే వరసకో వరస పేర్లతో పటం:
చేపలు చేపలు తేనె రొట్టె
దోస దోస చుక్క రొట్టె.

ఆ చుక్క హెల్యుది.
జూలైలో పసుపు పుట్టగొడుగులు తెస్తుంది,
మిగతా పది నెలలూ ఆమె బల్ల మీద మంచే.
పేరు లేని గదికి చుక్క పెట్టాలని నియమం.
"ఖాళీ ఏంటిది?" సంఘం అధ్యక్షుడు.
"ఖాళీ కాదు, ఇంకా రాలేదు."

ఎండెల్ మళ్ళీ విన్నాడు, తలూపాడు.
చేపలు, తేనె, రొట్టె, దోస.
చుక్క దగ్గర ఫోను ఆగలేదు.
చుక్క వినబడదు.
చెవికి ఖాళీని ఎలా చూపాలో
వీవికకు ఇంకా తెలీదు.

సీసా సగం అయింది.