ఆరు బెజ్జాల పలక

మా నాయన మార్కాపురంలో పలకలు కోసేవాడు.
నేను పలకలు అమ్ముతాను.
ఇంటర్వ్యూలో ఈ మాటే అంటే నవ్వారు.
"ప్లేట్లు అనాలి బాబూ" అన్నాడు మేనేజరు సాల్మన్ గారు,
నవ్వుతూనే ఉద్యోగం ఇచ్చాడు.

చెన్నైలో ఏడు రోజులు
ప్లాస్టిక్ ఎముకలకు మరలు బిగించడం నేర్పారు.
అవి తెల్లగా, తేలిగ్గా, ఎవరివీ కాకుండా ఉండేవి.
డ్రిల్లు దిగితే బొమ్మలు కాలిన వాసన.
ఎనిమిదో రోజు నల్ల బూట్లు, నీలం టై,
పద్దెనిమిది కేజీల స్టీలు పెట్టె ఇచ్చి
పొమ్మన్నారు.

జిల్లా గీత అటూ ఇటూ జరిగినా
కంపెనీ జాబితాలో కందుకూరు నాదే.
కండక్టరు పెట్టెను కాలితో తట్టి
"ఏందబ్బాయ్, ఇనప కొట్టు మోసుకొస్తన్నావా?" అని
దానికో అరటిక్కెట్టు కొట్టాడు.
టై చూసి కాస్త ఆలోచించాడు గానీ
చిల్లర మాత్రం ఇయ్యలేదు.

మూడు వారాలు ఎముకల డాక్టరు గుమ్మం దగ్గర
కట్లు కట్టించుకున్న వాళ్ళ వరసలో కూచున్నాను.
"నీకేం విరిగింది నాయనా?" అని అడిగింది పక్కనామె.
"ఇంకా ఏం లేదమ్మా" అన్నాను.

నాలుగో వారం, రాత్రి తొమ్మిదింటికి ఫోను.
పొగాకు బ్యారన్‌లో పైదూలం మీంచి జారి
మాలకొండయ్య కుడి ముంజేయి రెండు ముక్కలు.
"పెట్టె తీసుకుని రా."

థియేటర్లో ఆకుపచ్చ బట్టలు తొడుక్కున్నాక
నేనెవరో నాకే ఆనలేదు.
ఎముక తెల్లగా లేదు.
మజ్జిగలో పసుపు పడ్డట్టుంది.
వాసన సంగతి చెప్పను.
కాళ్ళ కింద నేల కొంచెం పక్కకి జరిగింది,
గోడకి ఆనుకుని మరల సైజులు వల్లించాను
పద్నాలుగు, పదహారు, పద్దెనిమిది
చిన్నప్పటి ఎక్కాల్లా.
ఆరు బెజ్జాలు. అయిదు మరలు.
ఆరోదాని సైజు నర్సుకి చెప్పబోతుంటే
డాక్టరు తలెత్తకుండానే అన్నాడు:
"విరిగిన చోటి మీద ఖాళీ ఉంచాలయ్యా."
ఏడు రోజుల్లో ఈ మాట ఎవరూ చెప్పలేదు,
లేదా నేను వినలేదు.

బయట బెంచీ మీద వెంగమ్మ.
వేళ్ళకి పొగాకు జిగురు, వేళ్ళ మధ్య నా బిల్లు.
"ఇంత ఇనుముకి అంత డబ్బా?"
తర్వాత మెల్లగా,
"ఎముక అతుక్కున్నాక తీసేస్తారంట గదా,
తిరిగిస్తే తీసుకుంటారా? సగానికైనా?"

ధర ఎక్కువంటే ఏమనాలో నేర్పారు.
పక్క కంపెనీ చవకంటే ఏమనాలో నేర్పారు.
దీనికి లేదు.
"కనుక్కుని చెప్తానమ్మా" అన్నాను.
వాడని మర ఒకటి బిల్లులోంచి కొట్టేస్తే
అదేదో నేను మాఫీ చేసినట్టు
ఆమె దణ్ణం పెట్టింది.
నేను కాదనలేదు.

"బోణీ అయింది!" అన్నారు సాల్మన్ గారు ఫోన్లో.
నాయనకి చెప్తే ధర విని చాలాసేపు ఊరుకుని,
"పలకకి ఆరు బెజ్జాలెందుకురా?
మేం చట్రానికి ఒకటే వేసేవాళ్ళం,
తడిగుడ్డ కట్టుకునే దారానికి" అన్నాడు.

వేలాలు మొదలయ్యే నాటికి
కందుకూరు బస్టాండులో పెట్టె ఎక్కించలేక
అవస్థ పడుతుంటే
ఒకాయన వచ్చి రెండో పిడి అందుకున్నాడు.
మడిచిన చొక్కా చెయ్యి కింద
ముంజేతి లోపలి వైపు జానెడు మచ్చ.
నన్నాయన ఎరగడు, ఆ రాత్రి మత్తులో ఉన్నాడు.
నేనాయన్ని
ఆయన కూడా చూసుకోనంత లోపల ఎరుగుదును.

"ఆ చేత్తో వద్దులే" అన్నాను.
"ఈ చెయ్యే గట్టిదబ్బాయ్,
దీంట్లో కంపెనీ సరుకుంది!"

ఇద్దరం ఎత్తాం.
లోపల మరలు గలగలమన్నాయి.
వెంగమ్మ అడిగినదానికి
నేనింకా ఎవర్నీ కనుక్కోలేదు.