సగం మందం

వచ్చావా.
వస్తావని తెలుసు. నీ కోసం కాఫీ పెట్టలేదు.
నవంబరులో మునిగిన సూర్యుడు
ఇంకో మూడు వారాలకు గాని కొండ అంచున కనబడడు.
ఈ చీకట్లో నీకు ఎవరూ దారి చూపించనక్కర్లేదు,
మా ఇంటి గడప నీకు నాకన్నా బాగా తెలుసు.

ఎనోక్ తన కమిక్ బూట్లు గుమ్మంలో పెట్టి పోయాడు.
తలుపు తట్టలేదు. తట్టే మొహం లేదు.
ఉపెర్నవిక్‌కి పైన, ఈ పన్నెండిళ్ల ఊళ్లో
సీలు తోలుకి నీరు చొరని కుట్టు వేసే చేయి
నాదొక్కటే మిగిలింది. ఏం చేస్తాడు?

మినిక్, ఎనోక్ ఒకే స్లెడ్జి మీద వెళ్లారు.
ఒకడు తిరిగొచ్చాడు.
కుక్కలు పదకొండూ తిరిగొచ్చాయి.
ఆ రాత్రి నుంచి నా చెవి దగ్గరే నీ కాపురం.
"తాడు దానంతటది తెగుతుందా, పిపలుక్?" అంటావు.
నీది అరిచే గొంతు కాదు.
నా గొంతే అరువు తీసుకుని నాకే వడ్డిస్తావు,
చాపకింద నీరులా.

పోయిన ఆదివారం చర్చిలో ఉపదేశి లాస్సె
శిరస్త్రాణం, డాలు, ఖడ్గం అంటూ ఒక్కొక్కటే తొడిగాడు మాకు.
వెనక్కి తిరిగి చూశాను.
ఆఖరి బల్ల మీద ఎనోక్, టోపీ ఒళ్లో పెట్టుకుని,
తీర్పు వినబోయే మనిషిలా.
నాకంత ఇనుము ఎక్కడిది ప్రభువా, అనుకున్నాను.
నాకున్నది ఒక సూది.
నార్వాల్ వెన్ను నరంతో పేనిన దారం.

ఈ కుట్టు మా అమ్మ నేర్పింది.
సూది తోలులో సగం మందం దాకానే దిగాలి,
అవతలికి పొడుచుకు రాకూడదు.
వచ్చిందా, కంటికి ఆనని ఆ రంధ్రంలోంచి
సముద్రం లోపలికొస్తుంది.
ముందు బొటనవేలు. తర్వాత పాదం.
ఊరికి ఇరవై మైళ్ల దూరంలో పాదం పోతే
మనిషి పోయినట్టే.

నీకు తెలుసు ఈ లెక్క.
అందుకే ఇవాళ తాడు ఊసెత్తలేదు.
"ఒక్క కుట్టు," అన్నావు.
"ముసలి కళ్లు, మసక దీపం. ఎవరు తప్పు పడతారు?"

వేశాను.
అబద్ధమెందుకు, చేయి వణకలేదు.
సూది అవతలికి దిగిన చప్పుడు ఎంతో తెలుసా,
పంటి కింద చేపముల్లు విరిగినంత.
ఏడుపు రాలేదు. ఆకలేసింది.
ఎండుచేప ముక్క తిని పడుకున్నాను.

నిద్రలో దేవదూతలు రాలేదు. మినిక్ కూడా రాలేదు.
కుక్కలు ఏడ్చాయి, అంతే.
రెండింటికో మూడింటికో లేచాను.
గుమ్మంలో రెండో బూటు కాలికి తగిలింది.
ఎందుకో లోపల చేయి పెట్టి చూశాను.
మడమ దగ్గర పరిచిన గడ్డి, ఇంకా తడి ఆరలేదు.
మినిక్ బూట్లలో నేను పరిచిన గడ్డీ ఇదే,
అదే ఒడ్డున కోసింది.

దీపం వెలిగించాను.
నువ్వేదో అంటున్నావు, వినబడుతూనే ఉంది.
యేసయ్యా, అన్నాను.
ఆ పైన ఎనోక్ పేరు చెప్పాలి. గొంతులో అడ్డం పడింది.
సరే, నోరు చేయలేనిది వేళ్లు చేస్తాయేమోనని
కుట్టు విప్పాను. దారం తెగింది. మళ్లీ పేనాను.
రంధ్రం పడ్డ చోట లోపలి నుంచి అతుకు వేసి
దాని చుట్టూ సగం మందం, సగం మందం.
బూటు నిండా నీళ్లు పోసి దూలానికి వేలాడదీశాను.
ఒక్క చుక్క కారలేదు.

గెలిచానని నేననుకోవడం లేదు.
క్షమించానో లేదో అడగకు, నాకూ తెలీదు.
ఒక బూటు అయింది.
రెండోది గుమ్మంలోనే ఉంది. నువ్వూ ఉన్నావు.
ఉంటే ఉండు.
సూదిలో దారం ఎక్కించాలి,
కాస్త దీపానికి అడ్డు తప్పుకో.