టేపు ముడి

తుఫాను వస్తోందని రేడియో చెప్పిన సాయంత్రం
మున్సిపాలిటీ వాళ్ళు నాకిచ్చేవి
ఒక ఈల, ఒక టార్చి,
ఎరుపూ తెలుపూ చారల టేపు రెండు చుట్టలు.
గలీసియాలో మా చిన్న రేవు చివర
లైట్‌హౌస్ దాకా పోయే రాతి గట్టుకు
అడ్డంగా కట్టాలి.

అడ్డమంటే అడ్డం,
బట్టలారేసుకునే తీగపాటి కూడా కాదు.
ఎవరైనా ఎత్తొచ్చు.
ఎత్తుతారు కూడా, ఎంత మర్యాదగా అనుకున్నారు!
ముందు దూరినాయన వెనకొచ్చే ఆవిడ కోసం
పెళ్ళింటి పరదాలా పట్టుకుంటాడు.
ఆవిడ తల వంచి, చిన్నగా నవ్వి, అవతలికి పోతుంది.

ఈ తీరం పేరే మృత్యుతీరం.
ఓడలు పగిలి పగిలి వచ్చిన పేరు.
ఇప్పుడా పేరుతో టీ షర్టులున్నాయి,
ఫ్రిజ్‌కి అంటించుకునే బొమ్మలున్నాయి.
చావు అని రాసున్న చొక్కా తొడుక్కుని
ఈల వేసుకుంటూ నడిచేవాణ్ణి
ఏ బోర్డు ఆపుతుంది?
పోయినేడు ఆ బోర్డునే అల ఎత్తుకెళ్ళి
బేకరీ గుమ్మంలో పడేసింది.
రొట్టెల ధరల పక్కన 'ప్రమాదం'.

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు.
మా గట్టు మీద చెప్పేవాడే లోకువ.
"రెండే నిమిషాలు, బ్రాయిస్"
అంటాడు నాకు లెక్కలు నేర్పిన ఎలాదియో మాస్టారు.
"ఈ సముద్రం పక్కనే పుట్టానురా నేను."
పుట్టారు, నిజమే.
సముద్రానికి ఆ సంగతి ఎవరైనా చెప్పారా?

నిన్న ఓ కుర్రజంట కుక్కను లాక్కొచ్చారు.
టేపు దగ్గర అది కూర్చుండిపోయింది.
లాగితే మెడపట్టీ చెవుల దాకా వచ్చింది గానీ
కుక్క రాలేదు.
తాడు నా చేతికిచ్చి
ఫోటోకి వాళ్ళిద్దరే వెళ్ళారు.

మా అవ్వ నలభై ఏళ్ళు
అలల మధ్య రాళ్ళెక్కి పెర్సెబెస్ గీకి అమ్మింది.
ఏనాడూ సముద్రానికి వీపు చూపించలేదు.
మొహం అటే ఉంచి
వెనక్కి వెనక్కి అడుగులేస్తూ ఒడ్డుకొచ్చేది,
కోపిష్టి దొర గదిలోంచి వచ్చినట్టు.
వీళ్ళేమో ఫోనెత్తి
సరిగ్గా వీపే చూపించి నవ్వుతారు.
వెనక లేచేది తెర మీద
బొటనవేలంత కనిపిస్తుంది.

నిజం చెప్పాలంటే, బాగుంటుంది.
లైట్‌హౌస్‌కి పైన లేచి,
ఏదో మరిచిపోయినట్టు ఒక్క క్షణం ఆగి,
అప్పుడు విరుగుతుంది.
టేపు కట్టేవాణ్ణి, నేనే నోరు తెరుచుకుని చూస్తాను.
ఇంకొకణ్ణి వద్దని ఏ నోటితో అనేది?
ఈల పెదాల మధ్య పెట్టుకుంటే
నాకంటే ముందే గాలి ఊదేస్తుంది.

అందుకని లెక్కపెడతాను.
నిన్న రాత్రి పదకొండు మంది వెళ్ళారు.
పది మంది తిరిగొచ్చారు.
మళ్ళీ పెట్టాను. పది.
కాళ్ళు నావి కాకుండా పోయాయి,
కుక్క తాడు ఎప్పుడు జారిందో తెలీదు.
అంతలో లైట్‌హౌస్ వెనక నుంచి
ప్యాంటు జిప్పు పైకి లాక్కుంటూ మాస్టారు:
"ఏంట్రా, దెయ్యాన్ని చూసినట్టు?"

రెండు చలికాలాల కిందట
పదిహేడేళ్ళ ఆన్షో వెళ్ళిన రాత్రి
ఎన్నిసార్లు పెట్టినా లెక్క కుదరలేదు.
టేపు కట్టే ఉంది, ముడి ఊడలేదు,
విచారణకొచ్చినవాళ్ళు అలాగే రాసుకున్నారు.
నా తప్పేమీ లేదని కాగితం కూడా ఇచ్చారు.
దాన్ని ఇంట్లో ఎక్కడ పెట్టాలో
ఇప్పటికీ తోచదు.

వాళ్ళమ్మ దొరిండా ప్రతి తుఫానుకీ వస్తుంది.
అలలవైపు చూడదు. ఎవరినీ ఏమీ అనదు.
నేను కట్టిన ముడిని తడిమి, విప్పి,
వానలో వంగి మళ్ళీ కడుతుంది,
బడికి పోయే పిల్లాడి బూటు లేసు కట్టినట్టు
రెండు ఉచ్చులూ సమంగా లాగి.

ఆమె ఇంకా వంగి ఉండగానే
నాలుగడుగుల అవతల ఎవరో టేపు ఎత్తుతారు.
ఆ కదలిక
ఆమె వేళ్ళ దాకా వస్తుంది.