గోరు కింద ఒండ్రు

రాత్రి ఒంటిగంటన్నరకి
ఐదో బెడ్డు తెర ఎర్రబడింది.
డెబ్బై ఎనిమిది.
ఇలాంటి వందమందిలో
డెబ్బై ఎనిమిది మంది ఇంటికి వెళ్ళరని దాని లెక్క.
తక్కిన ఇరవై ఇద్దరూ ఎవరో చెప్పదు.
నేనూ అడగను.

మట్టపర్తి ఏడుకొండలు, అరవై మూడేళ్ళు.
లాకుల దగ్గర లస్కరు చేసి రిటైరయ్యాడు.
వరదొస్తే పిలవకుండానే వెళ్తాడట,
మోకాలి లోతు ఎర్రనీళ్ళలో నిలబడి
గేజీ రాయి మీద పాచి గీకి
అంకె చదువుతాడట.
ఆ నీళ్ళలోంచే ఎక్కింది ఎలకజ్వరం,
కాలి పగులు దారి చూపితే.

ఈ మిషను మా నీళ్ళు చూళ్ళేదు.
ఎక్కడెక్కడి ఏసీ గదుల్లోనో పడుకున్న లక్షమంది
నాడి, బీపీ, ఉప్పు, క్రియాటినిన్
చదివి చదివి తెలివి తెచ్చుకుంది.
పడవలో దాటించి, ట్రాక్టరెక్కించి
అమలాపురం చేర్చేసరికి పోయిన తొమ్మిది గంటలకి
దాంట్లో గడి లేదు.
"గుడ్డిది కాదు సువార్తా,
మనం చూపించిందే చూస్తుంది" అంటారు
డాక్టర్ అనుపమ గారు.

వేలి క్లిప్పు ఎనభై నాలుగంటోంది.
పెదాలు చూస్తే అంత నలుపు లేదు.
క్లిప్పు తీశాను.
గోరు మీదా, గోరు కిందా
ఎండిపోయిన గోదారి.
స్పిరిటు దూదితో నానబెట్టి
మెల్లగా గీకాను,
ఆయన రాయిని గీకినట్టే.
తొంభై ఒకటి.
తెర మీది అంకె అరవై ఆరుకి దిగింది.
మనిషి మాత్రం
ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు.

రెండున్నరకి మనసాగక
లాక్టేటుకి నెత్తురు పంపాను.
రిపోర్టు రానేలేదు, అంకె డెబ్బై ఒకటి!
అర్థం కాలేదు.
డాక్టరు గారు నవ్వకుండా చెప్పారు:
వేళకాని వేళ ఎవరైనా నెత్తురు తీశారంటే
ఆ రోగి బాగోలేడని నేర్చుకుందట.
అంటే నా భయాన్నే కొలిచి
నాకే చూపిస్తోందన్నమాట.
పదహారేళ్ళ నైట్ డ్యూటీల్లో
దాన్నెవరూ కేసు షీటులో రాయలేదు.
కాస్త సిగ్గేసింది.
కాస్త, ఎందుకో, బాగుంది కూడా.

తెల్లారి అద్దం తలుపు దగ్గర కోడలు,
"ఎంతుందండీ?"
నీళ్ళనడిగినట్టే అడిగింది.
వరద రాత్రుల్లో లంకల ఫోన్లన్నీ మావయ్యకేనట.
ఎన్నడుగులొచ్చిందంటే
అడుగులు ఆనక, ముందు దూడల్ని విప్పండ్రా అనేవాడట.
నేనూ అంకె చెప్పలేదు.
"లోపలికొచ్చి పాదం పట్టుకోండి.
ఎడమది. కుడిదానికి పుండుంది" అన్నాను.

ఆరో రోజు గొట్టం తీశాం.
పద్నాలుగు.
గీరుకుపోయిన గొంతుతో మొదటి మాట,
"ధవళేశ్వరంలో ఎంత?"
ఫోనులో చూసి, తగ్గుతోందండి అన్నాను,
మంచి కబురు మోసుకొచ్చినదాన్లా.
కళ్ళు మూసుకునే అన్నాడు,
"తగ్గేటప్పుడేనమ్మా గట్లు జారేది."

ఆ సాయంత్రం మూడో బెడ్డు,
రొయ్యల చెరువు కాపలా కుర్రాడు,
పొద్దుట్నుంచీ తొమ్మిదే చూపిస్తున్నవాడు,
నేను డబ్బా మూత తీసేలోగా పోయాడు.

వాళ్ళమ్మ వచ్చి, ఏడ్చి, సొమ్మసిల్లి,
మళ్ళీ లేచి చొక్కా అడిగేదాకా
తెర పచ్చగానే ఉంది.
ప్లగ్గు తీయడం
ఎవరికీ గుర్తు రాలేదు.