ఆటుకు సరిపడా తాడు

ఫండీ అఖాతం ఒడ్డున, మా రేవులో
నీళ్లు రోజుకి రెండుసార్లు మమ్మల్ని వదిలేసి పోతాయి.
పొద్దున చెక్కలతో సమానంగా ఊగిన పడవ
మధ్యాహ్నానికి ఏడు నిలువుల కింద
ఎర్ర బురదలో పొట్ట ఆనించి
ఓ పక్కకి ఒరిగి పడుంటుంది.
చూడ్డానికొచ్చినవాళ్లు అయ్యో అంటారు, ఫొటో తీసుకుంటారు.
మేం అనం.

నా పేరు వెల్డా. రేవు మీద స్కాలప్ చిప్పల తూకం నాది.
ఆదివారం అందరికంటే గంట ముందెళ్లి
చాపెల్లో పొయ్యి రాజెయ్యడమూ నాదే.

మనసు సంగతంటారా,
ఆదివారం కీర్తన మూడో చరణంలో గొంతు పూడుకుపోయి
ముసలి బెర్నిస్ చెయ్యి పట్టుకుని ఏడ్చేంత సంతోషం.
మంగళవారం అదే రాగం తీస్తే
నోట్లో రంపపు పొట్టు.
బుధవారం ఎవరిమీదో తెలియని కోపం,
కాటాలో రాళ్లు కాస్త గట్టిగా పెడతాను.

పోయిన నవంబరులో తమ్ముడు లోర్న్‌ని పూడ్చి వచ్చాక
పన్నెండు వారాలు మోకరించాను,
మోకాళ్ల నొప్పి తప్ప ఇంకేమీ తెలియలేదు.
డీకన్ మంచివాడే.
“విశ్వాసాన్ని గట్టిగా పట్టుకో వెల్డా” అన్నాడు.
పట్టుకున్నాను, పిడికిలి తెల్లబడేదాకా.
ఏడిస్తే తప్పని రాసుకున్నాను,
ఏడుపు రాకపోతే అదీ తప్పనే రాసుకున్నాను.

ఆ చలికాలమే ఒక రాత్రి
లోతట్టు ఊరి నుంచి వచ్చిన డెస్మండ్ అనే కుర్రాడు
పాత పడవ ఒకటి కొత్తగా కొని
నిండు పోటు మీద రేవు చేరాడు.
గాలికి భయపడి ముందూ వెనకా
అంగుళం సందు లేకుండా బిగించి కట్టాడు.
కట్టింది చూసుకుని, మురిసి, నిద్రపోయాడు.

రాత్రి రెండింటికి రేవు మూలిగింది.
టార్చీలు పట్టుకుని పరిగెత్తాం.
నీళ్లెక్కడో కింద.
పడవ మాత్రం గోడకి వేలాడుతోంది,
ఉరి తీసినట్టు.
ఒక కొక్కెం కలపతో సహా ఊడి
చీకట్లోకి ఎగిరిపోయింది.
మా నాన్న ఆల్టన్, డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి,
ఇంకో తాడు తెచ్చి, గుంజకి రెండు చుట్లు వేసి
బిడ్డని ఉయ్యాల్లోకి దించినట్టు
కాస్త కాస్త వదిలాడు.
కుర్రాణ్ణి తిట్టలేదు.
“ముడి గట్టిగా వెయ్యి నాయనా,
తాడు మాత్రం ఆటుకు సరిపడా వదులు” అని
చేతులు కోటుకి తుడుచుకుని టీకి వెళ్లిపోయాడు.

నేను అక్కడే ఉండిపోయాను.
ముక్కు కొస మొద్దుబారుతోంది.
ఇన్నాళ్లూ నేను పట్టుకున్నది తాడునా, నీళ్లనా?
పోటుని పొమ్మనకుండా కట్టెయ్యాలనా?

ముడి నేను వేసింది కాదు.
అదెప్పుడో పడింది,
ఒక శుక్రవారం మధ్యాహ్నం, కొయ్య మీద, మేకులతో.
అందులో నా చేతి బలం ఏమీ లేదు.
ఆ ముడి వేసినవాడు
స్నేహితుడి సమాధి దగ్గర ఏడ్చాడు,
గుడిలో బల్లలు తిరగేశాడు,
తుఫానులో తలగడ మీద నిద్రపోయాడు,
చివరికి ఎందుకు వదిలేశావని అరిచాడు.
ఆ అరుపు లోతుదాకా తాడు వచ్చిందంటే
నా మంగళవారానికి రాదా?

ఇంత తెలిశాక అంతా మారిపోయిందనుకోకండి.
ఇవాళ ఆదివారం. మంచు కమ్మి
రేవు చివర దీపం కూడా కనబడదు.
లోర్న్ కోటు ఇంకా తలుపు వెనకే ఉంది.
కట్టెలు తడిసి, పొయ్యి మూడుసార్లు ఆరింది.
లోపల ఏమీ లేదు, బురద.
అయినా నాలుగో పుల్ల గీశాను.
నిరీక్షణంటే ఎదురుచూడ్డమే కదా,
చూస్తున్నాను.

బెర్నిస్ వచ్చి గొడుగు దులిపి
ఎలా ఉన్నావే అంది.
ఆటు, అన్నాను.
“నీళ్ల సంగతా, నీ సంగతా?”
రెండూ.
ఆమె ఏమీ అనకుండా బల్ల మీద కాస్త పక్కకి జరిగింది.
పొయ్యికి దగ్గరి వైపు
నాకు వదిలి.