ఎర్త్ వైరు

కాలోకోల్‌లో మిట్టమధ్యాహ్నం.
కంట్రోలర్ మూత తీస్తే లోపల చీమల కాపురం.
ఉఫ్‌మని ఊదింది అకిరు.
తుర్కానా భాషలో ఆ పేరుకి వాన అని అర్థం.

ఫేజు, న్యూట్రలు, పంపుకి రెండు,
తొట్టి నిండితే చెప్పే ఫ్లోట్ స్విచ్‌కి రెండు.
మర బిగించి
ఒక్కో తీగనీ లాగి చూసింది,
చెల్లెలి జడ బిగువు చూసినట్టు.

మీటరు మాత్రం ఒప్పుకోలేదు.
ఎర్త్ లేదంది.
ఇసకలో నిలువెత్తు దిగినా
రాగి కడ్డీకి తడి తగల్లేదు.

ముసలి నపెయోక్ మాట్లాడకుండా లేచి,
ఎండిన ఏట్లో చెలమ తవ్వి
పొద్దుట్నుంచీ తోడిన పసుప్పచ్చ డబ్బాని
కడ్డీ మొదట్లో వంచింది.
సగం.
ఆగి, ఇంకొంచెం.

ఆ నీళ్లే గార పట్టించిన పళ్లతో నవ్వింది:
"మాకు పోసేముందు
దీనికీ దాహమేనా?"

స్విచ్ వేశారు.
పచ్చ దీపం.
పంపు ఇంకా గాలే మింగుతోంది.